బస్తా అడుగు

పద్నాలుగు మంది లెఫ్టినెంట్లు.
చొక్కా మడతలు కత్తుల్లా ఉన్నాయి,
సందేహాలు మాత్రం ఇంకా ఒరలోనే.
పొద్దున్న ఏడింటికి బస్సు దించింది
గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర.

టైమ్‌టేబుల్లో ఈ పాఠం పేరు 'విమర్శనాత్మక ఆలోచన'.
ఆ మాట పలికేలోపే నాకు ఆవలింత వస్తుంది.
ప్రొజెక్టరు తేలేదు.
చేతిరుమాళ్లు తెచ్చుకోమన్నాను.

మొదటి తుమ్ము లెఫ్టినెంట్ పరమ్‌దీప్‌ది.
రెండో తుమ్ముకు ర్యాంకు లేదు, అందరిదీ.

"తేజ రకం. నూట ముప్పై బస్తాలు, ఒకే లాటు.
ఇది సరిహద్దు నుంచి మీకొచ్చిన నివేదిక అనుకోండి.
నమ్మాలా వద్దా? పది నిమిషాలు."

ఒకడు బస్తాలు లెక్కపెట్టాడు.
ఒకడు నోటుబుక్కులో 'రంగు: బాగుంది' అని రాసి
కింద గీత కూడా గీశాడు.
"రైతును అడిగాను సార్, మేలిరకం అన్నాడు."
కాకిపిల్ల కాకికి ముద్దు కదయ్యా అన్నాను.
పరమ్‌దీప్‌కి ఎవరో హిందీలో కాకిని వివరించారు.

అప్పుడొచ్చింది మస్తాన్‌బీ,
ముప్పై ఏళ్లుగా తాలుకాయలు ఏరుతున్న మనిషి.
చీర మీద మగచొక్కా. చెయ్యి మడిచి
బస్తాలోకి భుజం దాకా దించింది,
బావిలో పడ్డ చెంబు కోసం వెతికినట్టు.
గుప్పిట విప్పితే
సగం ఎరుపు, సగం తెల్లబోయిన తాలు.

"పైనున్నది నువ్వు చూస్తావని పోసింది నాయనా.
అడుగున ఉన్నది నిన్ను మర్చిపోయి పోసింది."

ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపింది.
గింజ గలగలమంటే ఎండింది.
మూగగా ఉంటే తేమ ఉంది.
కంటికి ఎరుపంతా ఒకటే, చెవికి కాదు.
పద్నాలుగు మంది అధికారులు
మిరపకాయలు చెవిన పెట్టుకుని నిలబడ్డారు.
హమాలీలు బస్తాలు దించి మరీ నవ్వారు.

లెఫ్టినెంట్ వైజయంతి నవ్వలేదు.
"మీరెప్పుడైనా తప్పు చెప్పారా అమ్మా?"

మస్తాన్‌బీ కాయ కింద పెట్టింది.
"చెప్పాను. ఒక బస్తాకి చెమ్మ తగిలింది,
నీళ్లు చల్లాడు దొంగ అన్నాను.
అది రాత్రి కురిసిన మంచు.
వచ్చిన రేటుకి అమ్ముకుని, మాట్లాడకుండా పోయాడు.
అప్పట్నించి మూడు బస్తాల్లో చెయ్యి పెట్టందే
నోరు తెరవను."

ఈ ముక్క నా పాఠంలో లేదు.
నమ్మకం లాగే అనుమానానికీ
అడుగు ఉంటుందని నేనెక్కడా రాసుకోలేదు.

వైజయంతి నా వైపు తిరిగింది.
"మీరు సార్?"

ఒక చలికాలం. వైర్‌లెస్‌లో ఒక వాక్యం:
వంతెన క్షేమం.
ఎవరు చూశారని అడగలేదు. ఎప్పుడు చూశారని అడగలేదు.
పైపైన చదివి, కింద సంతకం పెట్టాను.
ముందు జీపు నడిపింది నాయక్ యేసుపాదం,
పొన్నూరు వాడు,
పండుమిరప పచ్చడి సీసా సీటు కింద దాచుకునేవాడు.

కళ్లు మండాయి.
యార్డులో అదేం నేరం కాదు.
"తర్వాత చెబుతాను" అన్నాను.
ఆమె నోటుబుక్కు మూయలేదు.

బస్సెక్కాక ఒక్కొక్కరి చేతులు భగ్గుమన్నాయి.
కళ్లు తాకొద్దని చెప్పడం మర్చిపోయాను.
ఎవరో తాకారు, ఎవరో మజ్జిగ ప్యాకెట్లు పంచారు.

"సార్, పదకొండింటికల్లా తిరిగి రావాలని ఆర్డరు.
వేలం ఇప్పుడేగా మొదలైంది.
పదకొండే ఎందుకు?"

'చెప్పింది చెయ్యి'
గొంతు దాకా వచ్చింది, ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు.
మింగాను. తేజ కంటే ఘాటు.

"నాకూ తెలీదు" అన్నాను.
"ఫోన్ చేసి కనుక్కుందాం."

బస్సు ఆగింది.
వైజయంతి పక్క సీటు ఖాళీగా ఉంది.
వెళ్లి కూర్చున్నాను.
"ఆ వంతెన" అని మొదలుపెట్టాను.